ప్రాంప్టరు

ముప్పయ్యెనిమిదేళ్ళ కిందట
పాలకొల్లు పరిషత్తులో ఆ ఖాళీ గోనె మోసింది నేనే.
"తూకం వెయ్యండి" అంటాను. కాటావాడు వేస్తాడు.
"నిన్నటికంటే తగ్గింది" అంటాడు. అంతే నాటకం.
పదకొండుమంది చూశారు. ఒకాయన డబ్బులు తిరిగిమ్మన్నాడు.

ఇప్పుడు నరసాపురం రేవులో
జనం నాలుగు పంటుల మీద, నాటకం మెట్ల మీద.
దర్శకురాలు హిమజ పోటు వేళ చూసి మరీ ముహూర్తం పెట్టింది:
ఆఖరి రంగానికి నీళ్ళు గోనె అంచు తాకాలట.
మోసేది సినిమా హీరో తేజోవర్మ.
ఆయన భుజం తిప్పితే ఈల,
దగ్గితే ఈల,
ఊరికే నించుంటే
కాగితం ముక్కల వాన, వశిష్ఠలో తెల్లగా కొట్టుకుపోతూ.

నేను టిక్కెట్ల గది చాటున,
టార్చిలైటు, నూనె మరకల పాత ప్రతి.

ఆఖరి మాట దగ్గర ఆగిపోయేడాయన.
కళ్ళు నా వైపు తిరిగేయి.
మాట నా నాలిక మీదే ఉంది;
రైసుమిల్లు కాటా దగ్గర
బస్తాకోసారి లోలోపల అనుకునే మాటే.

అందివ్వలేదు.

ఒక ఈల సగంలో తెగింది.
వెయ్యిమందీ గోనె వైపే చూస్తున్నారు.
నీళ్ళు మెట్టును నాకుతున్న చప్పుడు.
ఎవరో పిల్లాడు, "అందులో ఏవుందమ్మా?"
తల్లి ఊరుకోమనలేదు. ఆవిడా చూస్తోంది.

తర్వాత మేకప్పు తుడుచుకుంటూ అడిగేడు,
"మాట అందివ్వలేదేం, మాస్టారూ?"
"ఇంజన్ల మోతలో కలిసిపోయుంటుందండి" అన్నాను.

ఇంజన్లు ఆపేసి అప్పటికి రెండు గంటలయింది.