రెండు వేళ్ల పేరు

జీలాంగ్‌లో జూలై. స్కూలు ఆఫీసు హీటరు
నా నైట్ డ్యూటీ బట్టల్లోంచి
వృద్ధాశ్రమం డెటాల్ వాసన లాగుతోంది.
ఫారం నిండా గడులు. సాయం కావాలంటే
ఒక్కదాన్లోనే టిక్కు పెట్టాలట.
వలస వచ్చిన పిల్లా? వినపడని పిల్లా?
ఇంట్లో మాట్లాడే భాష?
చేతులు, అని రాసి కొట్టేసి
తెలుగు, అని రాశాను.
రెండూ నిజమే. మా కెజియా
అన్నాన్ని నా పెదాల మీద చదువుకుంటుంది.

ఆదివారం తెలుగు తరగతికీ తీసుకెళ్లాను.
అక్కడ ఫారం లేదు. టీ కప్పు అందిస్తూ
ఒకావిడ చల్లగా అడిగింది: "ఇంటిపేరేంటమ్మా?"
చెప్పాను. ఆవిడ కళ్లల్లో ఏదో గడి నిండింది.
"మరి మీరేమిట్లు?"
పిల్ల నా మోచెయ్యి లాగింది, ఏమంటోందని.
ఆ ప్రశ్నకి మా ఇంట్లో సైగ లేదు.
నేను కల్పించలేదు.

సోమవారం గేటు దగ్గర
లియెన్, మలాకై, ఇంకో ఎర్రజుట్టు బక్కోడు
చెవి వెనక రెండు వేళ్లు పెట్టి ఆడిస్తున్నారు.
వెక్కిరింపనుకున్నాను. కాలు ముందుకి పడింది,
నోట్లో తిట్టు సిద్ధం, అచ్చ తెలుగుది.
ఈలోగా మా పిల్ల నవ్వుతూ అటే పరుగెత్తింది.

అది తన పేరట.
చెవి మిషను సర్దుకునే తీరు చూసి
శుక్రవారం వాళ్లే పెట్టారట,
నన్నడక్కుండా.

సగం నింపిన ఫారం ఇంకా బ్యాగులోనే ఉంది.
బస్సులో, ఎవరూ చూడట్లేదనుకుని,
చెవి వెనక రెండు వేళ్లు ఆడించి చూశాను.
సరిగ్గా రాలేదు.
సాయంత్రం దాన్నే అడగాలి.