మైలుకు మూడొందల ముప్పై

ఖసబ్‌లో మధ్యాహ్నం మూడు.
నలభై నాలుగు డిగ్రీలు.
రెక్కల కింద గాలి
నీళ్ళెక్కువైన మజ్జిగలా పలచబడింది.
మూడువైపులా కొండలున్నాయంటుంది చార్టు,
లేవంటుంది దుమ్ము.

మైలుకు మూడొందల ముప్పై అడుగులు ఎక్కాలి.
నా ముందున్న సూదికి మైళ్ళు తెలీవు,
నిమిషాలే తెలుసు.
నిమిషానికి రెండు మైళ్ళు మా పరుగు.
ఆరొందల అరవై.
రెండు ఇంజిన్లూ తిరుగుతుంటే ఇదో లెక్కే కాదు.
కానీ ఒకటి ఆగినట్టు వెయ్యాలి లెక్క,
ఆగకపోయినా,
ఈ తొమ్మిదేళ్ళలో నాకు ఒక్కసారీ ఆగకపోయినా.

ఆరొందల ఇరవై వచ్చింది.
మళ్ళీ వేశాను. ఆరొందల ఇరవై.

నలభై అడుగులంటే
పన్నెండు పెట్టెల వంజరం చేప.
దింపుతుంటే యాకూబ్ తల పట్టుకున్నాడు:
"రెండు పెట్టెలకి పడిపోతుందా అమ్మా విమానం?"
రెండు కాదు, పన్నెండు, అన్నాను.
అది సమాధానం కాదని నాకూ తెలుసు.
తెల్లారగట్ల పట్టిన చేప.
పెట్టెల మూలల్లోంచి ఐసు అప్పటికే కారుతోంది.
తడిచేత్తోనే సంతకం పెట్టాడు.

కొండంత అండ అంటాం మనం.
ఇక్కడ కొండ అండ కాదు, అంకె:
మూడు వేల నూట నలభై. పేరు కూడా లేదు.
కెప్టెన్ సాలెం దానిమీద వేలు పెట్టాడు.
"మా అమ్మమ్మ మేకల దొడ్డి ఇక్కడే.
రాతిగోడ ఇంకా నిలబడే ఉంది."
ఎత్తులో గోడని కలిపారా, అడిగాను.
కలపలేదన్నాడు. నవ్వుతాడనుకున్నాను.
నవ్వలేదు.

క్లియరెన్స్ వచ్చింది.
చక్రాలు లేచాయి.
అద్దం నిండా ఇటుకపొడి రంగు.
ఎడమకి తిరగాల్సిన చోట తిరిగాం,
చూసి కాదు, నమ్మి.
సూది పద్నాలుగొందలు చూపిస్తోంది,
కావలసినదానికి రెండింతల పైన.
రెండు ఇంజిన్లూ మంచి పిల్లల్లా
ఒకే గొంతుతో పాడుతున్నాయి.
యాకూబ్ ఇది చూస్తే ఏమనేవాడో.

నాలుగు వేల దగ్గర దుమ్ము తెగింది.
కొండలు మా కిందే ఉన్నాయి,
ఇంతసేపూ ఉన్నచోటే.
సాలెం కిటికీవైపు ఒకసారి వంగి,
ఏమీ చెప్పకుండా
తర్వాతి ఫ్రీక్వెన్సీ తిప్పాడు.

మస్కట్‌లో దిగేదాకా
లోడ్‌షీటు నా మోకాలిమీదే ఉంది,
వంజరం వాసనతో.