పన్నా

ఎనిమిదో తరగతి బి సెక్షన్‌లో
రెండో బెంచీ శివలీల లేచి అడిగింది:
"సార్, వైడ్‌కూ బ్రాడ్‌కూ ఫరక్ ఏంది?"

బడేపల్లి హైస్కూల్లో పదకొండేళ్లుగా
ఇంగ్లీషు చెప్పుకుని బతుకుతున్నవాణ్ని.
"రెండూ ఒకటే. వెడల్పు. రాసుకో" అన్నాను.
రాసుకుంది.
రాసుకున్నాక కూడా కూర్చోలేదు.

ఆ రాత్రి డిక్షనరీ తీస్తే
వైడ్ అంటే బ్రాడ్ అని,
బ్రాడ్ అంటే వైడ్ అని
ఒకరి మీద ఒకరు చెప్పి తప్పించుకున్నారు,
కరెంటు బిల్లు కాడ మా పక్కింటి అన్నదమ్ముల్లాగా.

మర్నాడు నేనే మొదలుపెట్టాను.
వైడ్ ఎక్కడ విన్నారంటే
మగపిల్లలంతా అంపైర్లయి
రెండు చేతులూ బార్లా చాపారు.
ఆ చేతుల నడుమ ఏముంది?
"ఏం లేదు సార్. బాల్ పోయింది."
మరి బ్రాడ్?
"మా తాత ఈపు" అన్నాడు వెనక బెంచీ మొగులప్ప.
క్లాసు నవ్వింది, వాడు నవ్వలేదు.
నాకు తెలుసు ఆ వీపు.
గంజిలో ముప్పై ఏళ్లు పల్లి బస్తాలు మోసింది.
ఈ భుజం నుంచి ఆ భుజం దాకా
ఖాళీ అన్నది లేదు దానికి.

దొరికింది అనుకున్నాను.
ఈ అంచుకూ ఆ అంచుకూ నడుమ ఎడం, అది వైడ్.
ఆ నడుమంతా నిండుగా ఉన్నది బ్రాడ్.
తెరిచిన నోరు వైడ్. నుదురు బ్రాడ్.
బోర్డు మీద రాసి
కింద రెండు గీతలు కూడా గీశాను.

శివలీల మళ్లీ లేచింది.
"మరి టేషన్ల బ్రాడ్ గేజ్ అంటరు గద సార్,
పట్టాల నడుమ ఉన్నది ఎడమే గద?"

గీతలు తుడిచేశాను.
బెల్లు కొట్టిన బాలకిష్టయ్యకు
మనసులోనే దండం పెట్టాను.

ఆ వారమే మున్సిపాలిటీ వాళ్లొచ్చారు.
రోడ్డు వెడల్పు.
టేపు ఒక కొస పట్టుకున్న పిల్లగాడు
ఎరువుల దుకాణం ముందు నిలబడితే
రెండో కొస మోరీ దాటి, గడప దాటి
శివలీల వాళ్లమ్మ మాణెమ్మ
కుట్టుమిషను పెడలు దగ్గర ఆగింది.
గోడ మీద ఎర్రరంగు కొట్టారు.
పదడుగుల దుకాణం. ఏడు పోతుంది.

నేను ప్యాంటు పొట్టి చేయించుకోవడానికే వెళ్లాను,
ఓదార్చడానికని అబద్ధం చెప్పను.
టేపు మెడలో వేసుకుని ఆమె అంది:
"పన్నా తక్కువున్న గుడ్డ తెచ్చినా
చంక కింద అతుకేసి జాకెట్ ఎల్లదీస్త సారూ.
మూడడుగుల జాగల ఏం ఎల్లదియ్యాలె?"

అప్పుడు చూశాను ఆ పదడుగుల్లో.
మిషను. పీకో మిషను. బిస్కెట్ డబ్బాలో గుండీలు.
పోయినేడు క్యాలెండరు.
పేలికల మూట మీద నిద్రపోయే ఎవరిదో పసిపిల్ల.
కుట్టేదేమీ లేకున్నా వచ్చి కూచునే నలుగురు ఆడవాళ్లు,
వాళ్ల మోకాళ్ల సందున
శివలీల హోంవర్కు.
జానెడు జాగా
ఊరికే పడి ఉన్నది కనపడలేదు నాకు.

రోడ్డు ఇప్పుడు బాగుంది. కాదనడమెందుకు.
అంబులెన్సు ఎక్కడా ఆగదు.
అటు దాటాల్సిన ముసలమ్మలు మాత్రం
కొంగు బిగించి
చాలాసేపు నిలబడతారు.

హాఫ్ ఇయర్లీ పేపర్లో
ఆ రెండు మాటలతో సొంత వాక్యాలు రాయమన్నాను.
శివలీల రాసింది, ఇంగ్లీషులోనే, గుండ్రటి అక్షరాలతో:
రోడ్డు వైడ్‌గా ఉంది.
మా దుకాణం బ్రాడ్‌గా ఉండేది.

దుకాణాన్ని అట్లా అనరు,
గ్రామరు పుస్తకం గొణుగుతూనే ఉంది.
పట్టాల సంగతి నాకింకా తెలీదు.
చేతిలో ఎర్రపెన్ను.
గోడ మీద కొట్టిన రంగు కూడా
ఇంచుమించు ఇదే.

మూత పెట్టి
పెన్సిల్ కోసం వెతుకుతున్నాను.