గుడి కట్టనివి

తిరపతి ఆస్పత్రిలో, రెండో అంతస్తులో,
నర్సమ్మ గట్టిగా పిలిచింది: చెంగల్రాయుడూ!
ఆరేండ్లుగా అక్కడ రెడ్డెమ్మ పేరే పిలిచేవాళ్లు.
లేవాల్సింది నేనని
తెలిసేదానికి కొంచెం సేపు పట్టింది.

లెక్క బాగుంది, నడక బాగుంది అని నిరుడే రాసిచ్చినారు.
ఆ కాగితాన్ని మా అమ్మ బియ్యం డబ్బాలో దాచింది,
కోర్టు తీర్పు మాదిరి.
అది చూపించే రెడ్డెమ్మకు కషాయాలు పోసింది,
శనివారాలు పస్తు పెట్టింది.
రెండు తూర్లు నెల తప్పి, రెండు తూర్లూ
మూడో నెల దాటకుండానే పోతే
దాని కడుపునే తిట్టింది.
నేను బెల్లం పెనం కాడ ఉండినాను.
పెనం కాడ ఉండేవాడికి ఏమీ వినపడదు.
అదొక మంచి సాకు.

డాక్టరమ్మ కంప్యూటర్‌లో బొమ్మ చూపించింది.
చుక్కలు. కొన్నిటి చుట్టూ పల్చగా వెలుగు.
"వెలుగు విచ్చుకున్నవి లోపల గట్టివి.
విచ్చుకోనివాటిల్లో డీఎన్‌ఏ దారం తెగిపోయింది.
నూటికి నలభై ఒకటి."

గుడి, అన్నాను.
ఆమెకు అర్థం కాలేదు.
చందమామకు కడతాది చూడండి మేడమ్, ఆ గుడి.

గుడి కోసమే జనం వచ్చే ఊర్లో కూర్చోని
గుడి కట్టనివి లెక్కపెట్టుకున్నాను,
తెర మీద వేలు పెట్టి, పదకొండు దాకా.

బస్సు పాకాల దాటేదాకా
ఆ మాట నాకు ఎక్కలేదు.
రోడ్డు పక్కన చెరుకు తోట కనపడినాక ఎక్కింది.
ఎర్రకుళ్లు పట్టిన గడ నిలువునా పచ్చగానే ఉంటాది,
గాలికి అన్నిటితో పాటే ఊగతాది.
చీలిస్తేనే లోపల ఎరుపు, పులిసిన వాసన.
దాన్ని ముచ్చెలు కొట్టి నాటినా
ఒకోసారి మొలక వస్తాది.
జానెడు లేచి, ఎండిపోతాది.
అప్పుడు నేలను తిట్టిన రైతును
నేనైతే ఒక్కణ్ణి కూడా చూడలేదు.

రెడ్డెమ్మ కిటికీ పక్క నిద్రపోతా ఉండింది.
లేపి చెప్పాలనుకున్నాను.
కండక్టరు చిల్లర అడిగినాడు.

"దానికి ఏమన్నారు?" అనింది అమ్మ, గడపలోనే.
దానికి కాదు, నాకు.
అమ్మ బియ్యం డబ్బా మూత తీసింది.
మళ్లీ మూసింది.

పదహారేండ్లు పొయ్యి మొగదల నిలబడినాను,
ఆ నిప్పుతోనే బీడీ ముట్టించినాను.
వేడి కావచ్చు, పొగ కావచ్చు, రెండూ కాకపోవచ్చు.
రెండూ మానితే మూడు నెలలకు కొత్త పంట.
తెగినవి తగ్గచ్చు, తగ్గకనూ పోవచ్చు.
డాక్టరమ్మ అంతకు మించి ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు.
అందుకే నమ్మినాను.

ఇప్పుడు నేను చిత్తూరు మండీలో
బెల్లం దిమ్మెలు తూకం వేస్తాను. కూలి రెండొందలు తక్కువ.
పెనం కాడ కొత్త పిల్లోడికి పాకం తెలీదు,
ఫోన్ చేస్తాడు: అన్నా, ఇంకెంత సేపు?
నురగ రంగు చెప్పరా అంటాను.
తొమ్మిది రోజులు బీడీ మానినాను.
పదో రోజు తాగినాను.
మళ్లీ ఒకటి నుంచి మొదలు.

నిన్న రాత్రి చందమామకు గుడి కట్టింది.
చిన్నది, దగ్గరగా.
దూరపు గుడికి దగ్గర వాన,
దగ్గర గుడికి దూరపు వాన అంటారు మా పక్క.
దూరమేలే, అన్నాను.

రెడ్డెమ్మ తలెత్తి చూసింది.
అయినా లేచిపోయి
దండెం మీది బట్టలు
లోపలికి తెచ్చింది.