ఎనిమిదెమ్మెమ్ అద్దం

నాలుగడుగుల పొడుగు, రెండడుగుల ఎత్తు,
మీద జాలి, పక్కకు తాళం.
జడ్చర్ల చౌరస్తా దాటినంక
కొత్తగ లేపిన హోటల్‌కు
కొలతలు తీస్కునేతందుకు పోయిన.
చేపల తొట్టి అనుకున్న.
"చేపలు అందరి హోటళ్లల్ల ఉంటయ్ బుచ్చన్నా,"
అన్నడు ఉపేందర్ సేటు, "మనకు పాము."

ఫోన్ల ఫొటోలు జరుపుకుంట
చీరల దుకాణంల కూసున్నట్టు కూసున్నడు.
ఇది తెలుపు, దీపం కింద మెరుస్తదట.
ఇది మక్కకంకి రంగుది, మీద ఎర్ర మచ్చలు.
ఈ కొండచిలువ పిల్లను సూడు, మెడకు బంగారం పూసినట్టు,
కానీ పగలంత ఉండ చుట్టుకోని పంటదంటున్నడు అమ్మెటోడు.
పండిన పామును చూసుకుంట
ఎవడు తింటడు బిర్యాని?

"మన దిక్కు పాములైతే?" నోరు జారిన.
"జైల్ల ఏస్తరు."
నిజమే.
నిజమే గానీ మా పల్లిచేను యాదికొచ్చింది:
గట్టు ఈ కొస నుంచి ఆ కొసకు
ఎవలో మోకు గుంజినట్టు
ఒక జెర్రిపోతు పోయేది.
దాన్ని ఎవ్వలు ఎంచలే.
అది ఎవ్వలి కోసం ఉరకలే.
మా నాయిన పార ఆపి, అది దాటేదాక నిలవడి
మల్ల తవ్వెటోడు.

ఆఖరికి తేలింది:
సన్నది, నల్లది, పొడుగు చారలు పసుపువి,
విషం లేదు, కాగితాలున్నయి, పగటిపూట తిరుగుతది.
"ఒక్క తాన కుదురుగ ఉండదు" అని
దాని ఫొటో కింద రాసున్నది.
సేటు రెండుసార్లు చదివిండు ఆ ముక్క.

కుదురుగ ఉండదు.
నన్ను గూడ ఆ మాట మీదనే తీస్కున్నడు
పాలమూర్ల గడియారం కాడ మా ఉస్తాద్ ఖాసిం సాబ్.
ముగ్గురు పోరగాండ్లం వరుసగ నిలవడితే
కాలు ఆడించుకుంట ఉన్న నన్ను చూపెట్టి
"ఈ హుషారైనోన్ని ఇడిచిపెట్టి పో" అన్నడు మా నాయినతోని.
ఇర్వై ఆరేండ్లాయె.
అద్దం కోసేటోడు కదలొద్దు,
మొదటేడు నేర్పింది గదే.

పెట్టె బిగించిన. మూలమూలకు సిలికాన్ పోసి
చూపుడువేలు తడిపి
కింది నుంచి మీది దాక గీసిన.
గాలి పోతదా, చీమ పోతదా,
వేలుకు తెలుస్తది, కంటికి తెల్వది.

పాము వచ్చిన నెలకు ఫోన్:
"లోపలంగ మసక పడ్డది, వచ్చి తుడువు."
పోయిన. మస్తు గిరాకి.
పిలగాండ్లు అద్దం కొడుతున్నరు,
ఒకామె వీడియో తీస్తున్నది,
"ఎంత యాక్టివ్ ఉన్నదో!" అంటున్నరు అందరు.
నిజంగనే ఆగుత లేదు అది.

వంగి చూసిన.
మసక నడిమిట్ల లేదు.
నాలుగు మూలల్ల, సిలికాన్ అంచు పొంటి,
కింది నుంచి మీది దాక
సన్నటి గీత.
ముక్కుతోని గీసింది.
నేను వేలుతోని పోయిన తొవ్వనే.

నా పనిని ఇంత పట్టిచ్చి చూసినోడు
ఇప్పటిదాక ఒక్కడు లేడు.

తుడువలే.
నమూనాకని తెచ్చుకున్న గూనపెంకు ముక్క
స్కూటర్ డిక్కిల ఉండె. తెచ్చి లోపట బోర్లేసిన.
అది ఆగింది. నాలిక రెండుసార్లు ఆడిచ్చింది.
దూరింది. తోక గూడ గుంజుకున్నది.

హోటల్ల చప్పుడు జర తగ్గింది.
అద్దంల ఇప్పుడు టేబుళ్లు, ట్యూబులైట్లు,
ముద్ద నోటికాడ ఆపి చూస్తున్న ఒక తాత.
"అరె, ఏమాయె? పామేది?" ఉరికొచ్చిండు సేటు.
పెంకు తీయుమన్నడు.
తాళంచెవి ఆయన చేతులనే పెట్టిన.

బిల్లుల ఇంకా ఆరు వందలు రావాలె.
గది అడుగుడు మర్చిపోయి, బయటికొచ్చి,
స్కూటర్ మీద చానసేపు
కుదురుగ కూసున్న.