పేరు అడగలేదు

మా ఉద్దానంలో ఆ మాట
ఎవరికీ నోరు తిరగలేదు మొదట.
"టిట్లీ" అన్నాడు వీఆర్వో.
"తిట్లే" అంది మా అత్త బృందావతి,
"తిట్టినట్టే ఉన్నాది మరి, పేరెట్టినోడెవుడో."

తెల్లారేసరికి
తొంభై ఆరు కొబ్బరిచెట్లు
తూర్పుకి కాళ్లు చాపి పడుకున్నాయి.
జీడితోటలో వేళ్లు ఆకాశాన్ని చూశాయి.
ఒక కుర్రాడొచ్చి ఎర్ర రంగుతో
పడ్డ మానులకి అంకెలు వేశాడు.
నిలబడి ఉన్నప్పుడు
ఏ చెట్టునీ మేం లెక్కపెట్టలేదు.

కొన్నాళ్లకి
ఆరో తరగతి హిందీ వాచకం పట్టుకుని
నా కూతురు జోషిత వంటింట్లోకొచ్చింది.
"అమ్మా, తిత్లీ అంటే ఏటో తెలుసేటి?
సీతాకోకచిలక."

పలాసలో జీడిగింజలు ఒలిచి ఒలిచి
సొన కాల్చిన నా వేళ్లు
పిండిలోనే ఆగిపోయాయి.

సీతాకోకచిలకంటే నాకు తెలుసు.
నా చిన్నప్పుడు, వానలు వెనకపట్టే రోజుల్లో
సముద్రం వైపు నుంచి మహేంద్రగిరి వైపు
నల్లటివి, నీలం చుక్కలవి,
రెక్క వెనక రెక్క, మూడు పూటలు, నాలుగు పూటలు.
రైలు గేటు పడితే ఆగేది మేమే,
అవి ఆగేవి కావు.
ఇసుక దిబ్బల మీద ఎండిన గిలిగిచ్చకి
గుత్తులు గుత్తులుగా వేలాడేవి.
చెయ్యేస్తే
మొక్క సగం లేచి ఎగిరిపోయేది.
"ఇయి కొండకెళ్తే ఇంక వాన లేదు,
ఉలవలు జల్లుకోవొచ్చు" అనేవాడు మా నాన్న,
పంచాంగం మూసేసి.

ఇప్పుడు ఆయన ఉన్నా
ఏ రెక్క చూసి జల్లుతాడు?
కార్తీకంలో చెమట.
పుష్యంలో ముసురు.
గిలిగిచ్చ ఎప్పుడు పూసిందో, ఎప్పుడు మాడిందో
దానికే తెలీదు.
కిందటేడు వచ్చాయి, ఓ ఇరవై,
దారి అడగడానికి వచ్చినట్టు
గేటు దగ్గర కాసేపు తచ్చాడి
ఎటెళ్లాయో.

సముద్రం వేడెక్కిందంటారు,
అందుకే గాలులు బలిసిపోతున్నాయంటారు.
బలిసిన గాలికి
బక్కదాని పేరెట్టారు.
పెట్టినవాళ్లు దాన్ని ఎప్పుడైనా
చేత్తో పట్టుకున్నారా?

మళ్లీ నాటిన కొబ్బరి
ఏడేళ్లకి, ఈ ఏడే, మొదటి గెల వేసింది.
పాదుల మధ్య జిల్లేడు పీకబోతే
జోషిత వాళ్ల నాన్న చేతిలో గునపం పట్టుకుంది.
"ఆకు కింద పురుగున్నాది నానా, ఉంచు."
"పురుగుని పెంచుతావేటే?"
"ఊఁ. చెట్టుకి ఏడేళ్లు ఆగినోడివి,
పురుగుకి పది రోజులు ఆగలేవా?"
ఢిల్లేశు ఏమీ అనలేదు. బీడీ వెలిగించుకుని
జిల్లేడుని వదిలేసి చుట్టూ తవ్వాడు.

నిన్న పొద్దున్న
వచ్చింది ఒకటి, పండుమిరప రంగుది,
రెక్కలింకా తడి.
నల్లబడ్డ నా వేలిమీదకి ఎక్కింది.
బరువు లేదు.
ఊపిరి వదిలితే పడిపోతుందేమోనని
బిగబట్టుకుని నిలబడ్డాను.
తోటల అవతల
సముద్రం అరుస్తూనే ఉంది.

"ఏటే నీ పేరు?" అని అడగబోయి
ఊరుకున్నాను.