ఎడమ మలుపు

ఎడమకు తిప్పితేనే, సీట్సే.
కుడికైతే నోరు మెదపదు.

అతను స్టూలుని కాలితో పక్కకి నెట్టి
నేలమీద బోర్లా పడుకుని
మోటారుకి చెవి ఆనించాడు.
"కిర్రా? కీచా?"
"రెండూ కాదు. ఎండుచేప పొలుసులు గోటితో గీరినట్టు."
ఫ్రిస్లాండు వాడికి ఆ పోలిక చాలు.

నన్ను సోఫాలోకి మార్చి తనే ఎక్కి
వంటింట్లో ఏడు చుట్లు తిరిగాడు.
చడీ చప్పుడూ లేదు.
దొంగ కుర్చీ!
డాక్టరు ఎదుట తగ్గిపోయే దగ్గు.

"మళ్ళీ మీరే కూర్చోండి."
కూర్చున్నాను. గరక్.
దానికి బరువు చాలదట,
నా బరువే కావాలట,
ఎడమ తుంటి మీదికి ఒరిగిపోయే ఈ బరువే.

బ్రేకు విప్పాడు. బ్రష్షులు ఊది చూశాడు.
చివరికి ముందు చక్రం బేరింగులోంచి
జనవరిలో లేవార్డెన్ వంతెనల మీద చల్లిన ఉప్పు
తుప్పుతో కలిసి
కారప్పొడిలా అరచేతిలోకి రాలింది.

కొత్త బేరింగు, నలభై యూరోలు.
ఇప్పుడు ఎడమకు తిరిగినా నిశ్శబ్దమే.
ఆ నిశ్శబ్దం అడుగున, సన్నగా,
ఇన్నాళ్ళూ వినపడనిదొకటి:
టిక్.
కాసేపాగి, టిక్.

సీట్సే బూట్లు తొడుక్కుంటున్నాడు.
నేనేమీ అనలేదు.
కాఫీ పొడి నిండుకుంది,
మంగళవారానికి తెచ్చి పెట్టాలి.